రేస్, ఎత్నిసిటీ టాపిక్ నాకు ఎక్కడ అర్థమైందంటే

సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్ తీసుకుని తెలుగులో రాసేవాళ్ళ కోసం ఇది. పేపర్ 1 స్ట్రాటిఫికేషన్‌లో (సమాజంలో ఎక్కువ తక్కువల అంతరాల గురించిన భాగం) వర్గం, జెండర్ ఎలాగో దాటేశాను. రేస్, ఎత్నిసిటీ దగ్గర రెండు నెలలు ఇరుక్కుపోయాను. కారణం మన మాటే. మానవజాతి, స్త్రీజాతి, జాతిపిత, నల్లజాతి... అన్నిటికీ ఒకటే ‘జాతి’. నోట్సులో రెండింటికీ అదే రాసుకున్నాను, టెస్టులో కలిపేసి మార్కులు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఆ మాట కొట్టేసి ‘రేస్’, ‘ఎత్నిసిటీ’ అనే రాస్తున్నాను. ఒంటి రంగు, ముఖం తీరు చూసి సమాజం అంటగట్టే గుర్తింపు రేస్. భాష, మతం, పూర్వీకుల జ్ఞాపకాల మీద నిలిచేది ఎత్నిసిటీ.

ఈ టాపిక్‌లో వచ్చే సోషియాలజిస్టులను వరసగా బట్టీ పడితే గుర్తుండరు. అసమానత ఎక్కడ పుడుతుందంటున్నారో చూసుకోండి. పెట్టుబడిదారీ దోపిడీలో అన్నాడు కాక్స్ (1948). ఒకే పనికి రెండు కూలి రేట్లున్న మార్కెట్‌లో అంది బొనాసిచ్ (1972). నల్లవారి బతుకును ఇప్పుడు రేస్ కంటే వర్గమే ఎక్కువగా నిర్ణయిస్తోందన్నాడు విల్సన్ (1978), దానిమీద పెద్ద వాదమే నడిచింది.

నాకు ఒంటబట్టింది మాత్రం మెర్టన్. మనసులో ఉండే పక్షపాతం (ప్రెజుడిస్) వేరు, చేతల్లో చూపే వివక్ష వేరు అని 1949లో విడదీసి, ఒక్కోటి ఉందా లేదా అన్నదాన్ని బట్టి నాలుగు రకాల మనుషులను చూపించాడు. తిరుపతి బైరాగిపట్టెడలో రూమ్ కోసం తిరుగుతుంటే ఒక ఇంటావిడ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఊరు అడిగి, ఆఖరున కులం అడిగింది. చెప్పాను. “నాకేం పట్టింపు లేదు పాపా, పైన పోర్షన్‌వాళ్ళు ఒప్పుకోరు” అంది. గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. గేటుకు టు-లెట్ బోర్డు అలాగే ఉంది. సందు మలుపు తిరిగాక ఏడుపొచ్చింది. ఆవిడ మాట నిజమే అనుకుంటే, మనసులో పక్షపాతం లేకపోయినా పక్కవాళ్ళకు భయపడి వివక్ష చూపే మనిషి. మెర్టన్ చెప్పిన రెండో రకం. ఆ నాలుగు గళ్ళ పట్టిక మళ్ళీ చదవాల్సిన పని నాకు రాలేదు.

అయితే కులమూ రేసూ ఒకటేనని రాసేయకండి. కులం రేస్ విభజన కాదని అంబేద్కరే గట్టిగా వాదించారు. అదే అంబేద్కర్ 1946లో అమెరికా నల్లవారి హక్కుల కోసం పోరాడిన సోషియాలజిస్టు డుబాయిస్‌కు ఉత్తరం రాస్తూ, అంటరానివారి స్థితికీ అమెరికా నల్లవారి స్థితికీ ఎంతో పోలిక ఉందన్నారు. ఈ రెండూ ఒకే పేరాలో పెట్టండి. 10 మార్కుల ప్రశ్నకు 150 మాటలే కాబట్టి, అద్దె ఇంటి ఉదాహరణకు ఒక్క వాక్యం చాలు.