కాటా ప్రోగ్రామ్‌లో మూతపడని ఫైళ్లు: నా అనుభవం

తోతాపురి కోతలు ముమ్మరంగా సాగే జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, మినీ లారీలు రాత్రింబవళ్లు బారులు తీరి ఉంటాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీలో కాటా దగ్గర నడిచే, పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను చక్కదిద్దే పని నాకు అప్పగించారు. ఆ ప్రోగ్రామ్ చేయవలసింది చిన్న పనే: బండి నంబరు తీసుకొని, కాటా నుంచి బరువు చదివి, ఆ రోజు ఫైలులో ఒక వరుస చేర్చి, రసీదు అచ్చు వేయాలి. అయితే లోడ్లు ఎక్కువగా వచ్చిన రోజుల్లో పొద్దుగూకే వేళకు అది ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ (తెరిచి ఉన్న ఫైళ్లు మరీ ఎక్కువ) అనే సందేశం చూపి ఆగిపోయేది. ఆపి మళ్లీ మొదలుపెడితే మామూలుగానే నడిచేది.

‘ఎండకు కంప్యూటరు వేడెక్కతా ఉండాది సార్, కాసేపు ఆపి వేస్తే సరిపోతాది’ అని కాటా చూసుకునే పెద్దాయన నాతో అన్నారు. ఆయన అనుభవానికి ఆ వివరణ సరిపోయేదే, ఎందుకంటే ఆపి వేసినప్పుడల్లా అది నిజంగానే కుదుటపడేది. కానీ ఆ సందేశంతో పాటు వచ్చే 24వ నంబరు దోషానికి వేడితో సంబంధం లేదు. ఆ కంప్యూటరును నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఒక ప్రోగ్రామ్ ఫైలు తెరిచిన ప్రతిసారీ, ఆ సిస్టం మూలభాగమైన కెర్నల్ ఆ ఫైలుకు ఒక సంఖ్యను కేటాయిస్తుంది. దీన్నే ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. 0, 1, 2 సంఖ్యలు మొదటి నుంచే వాడుకలో ఉంటాయి, ఆ తర్వాత ఖాళీగా ఉన్న వాటిలో అతి చిన్నది ఇస్తారు, ఫైలు మూస్తే ఆ సంఖ్య మళ్లీ ఖాళీ అవుతుంది. ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్లకు హద్దు ఉంటుంది. సాధారణంగా అది 1024. ఆ కంప్యూటరులోనూ అంతే ఉంది.

ప్రోగ్రామ్ నడుస్తుండగానే నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలు చూపే ప్రాక్ డైరెక్టరీలో దాని ప్రాసెస్ సంఖ్య పేరుతో ఉన్న ఫోల్డరు తెరిచి, అందులోని ఎఫ్‌డీ అనే భాగాన్ని చూశాను. ఏ క్షణాన ఏయే ఫైళ్లు తెరిచి ఉన్నాయో అక్కడ ఉన్నదున్నట్టుగా కనిపిస్తుంది. ఆ రోజు బరువుల ఫైలు పేరే వందల సార్లు వరుసగా ఉంది. ఇలాంటి సందర్భంలో హద్దును పెంచి ఊరుకోమని సలహా ఇచ్చేవారు ఉంటారు, కానీ ఒకే ఫైలు వందల సార్లు తెరిచి ఉన్న చోట హద్దు పెంచడం దోషాన్ని మరుసటి రోజుకు వాయిదా వేయడమే అవుతుంది కనుక నేను అందుకు ఒప్పుకోలేదు.

కోడ్ చదివితే సగం కారణం వెంటనే దొరికింది. బరువు నమోదు చేసే ఫంక్షన్ (ఒక పని కోసం రాసిన కోడ్ భాగం) మొదట ఫైలు తెరిచేది, బండి నంబరు రాసేది, తర్వాత కాటా నుంచి వచ్చిన అక్షరాలను సంఖ్యగా మార్చేది, బరువు రాసేది, చిట్టచివరి వరుసలో ఫైలు మూసేది. బండి కాటా మీద కుదురుకోకముందు పరికరం పంపే అక్షరాలు సంఖ్యగా మారవు. అప్పుడు పైథాన్ వాల్యూ ఎర్రర్ అనే ఎక్సెప్షన్‌ను, అంటే పని కుదరలేదని తెలిపే దోష సంకేతాన్ని, లేవనెత్తుతుంది, ఫంక్షన్ అక్కడికక్కడే ఆగిపోతుంది, మూసే వరుస దాకా రానే రాదు. పిలిచిన చోట ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకొని, కొద్ది క్షణాల తర్వాత మళ్లీ ప్రయత్నించేవారు. ఒక్కో బండికి ఇలా పలుమార్లు జరిగేది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, నేను ఎక్కువ సేపు ఆలోచించింది దాని గురించే. మనం సాధారణంగా వాడే పైథాన్‌లో ఒక వస్తువును సూచించే పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్క నడుస్తూ ఉంటుంది, ఆ లెక్క సున్నాకు చేరగానే వస్తువు తొలగిపోతుంది, అది ఫైలైతే తొలగిపోయేటప్పుడు దానంతట అదే మూసుకుంటుంది. ఆ ప్రకారం ఫంక్షన్ మధ్యలో ఆగిపోయినా ఫైలు మూతపడాలి. ఎందుకు పడలేదు? జవాబు ఎక్సెప్షన్‌ను పట్టుకున్న చోట ఉంది. సాయంత్రం నివేదికలో చూపడం కోసం పట్టుకున్న ప్రతి ఎక్సెప్షన్‌ను ఒక జాబితాలో దాచేవారు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ప్రతి ఎక్సెప్షన్, దోషం కోడ్‌లో ఏ దారిన వచ్చిందో చూపే ట్రేస్‌బ్యాక్‌ను తనతోనే మోస్తుంది. ఆ ట్రేస్‌బ్యాక్ తాను పుట్టిన ఫంక్షన్ ఫ్రేమును, అంటే ఆ ఫంక్షన్ లోపలి పేర్లు, విలువలు ఉండే చోటును, పట్టుకుని ఉంటుంది. ఆ ఫ్రేము తన లోపలి పేర్లన్నింటినీ, అంటే తెరిచిన ఫైలును కూడా, పట్టుకుని ఉంటుంది. జాబితాలో ఎక్సెప్షన్ ఉన్నంతసేపు ఫైలు తెరిచే ఉంటుందన్నమాట. దోషాలను శ్రద్ధగా భద్రపరచిన ఆ జాబితాయే ఫైళ్లను మూతపడనివ్వలేదు.

ఈ ఊహ సరైనదేనని పాత ఫైళ్లు రుజువు చేశాయి. బండి నంబరు మాత్రమే ఉండి బరువు లేని ముక్కలు ఆ ఫైళ్లలో అక్కడక్కడా కాకుండా ఒకే చోట గుంపుగా ఉన్నాయి. ఫైలులో రాసింది ముందు బఫర్ అనే తాత్కాలిక నిల్వలో చేరుతుంది, బఫర్ నిండినప్పుడో, ఫైలు మూసినప్పుడో బయటికి వెళుతుంది. సాయంత్రం నివేదిక బటన్ నొక్కితే జాబితా ఖాళీ అయ్యేది, దానితో ఆ ఫైళ్లన్నీ ఒక్కసారిగా మూతపడి, పగలంతా బఫర్లలో నిలిచిన ముక్కలు ఒకేచోట వచ్చి పడేవి. బండ్ల రద్దీలో ఎవరికీ నివేదిక బటన్ నొక్కే తీరిక దొరకని రోజుల్లోనే ప్రోగ్రామ్ ఆగిపోయేది. ఈ సంగతి పెద్దాయనను అడిగి నిర్ధారించుకున్నాను.

సవరణలో మొదట చేసింది వరుసక్రమం మార్చడం. బరువు సంఖ్యగా మారిన తర్వాతే ఫైలు తెరవాలి, పూర్తి వరుసను ఒకేసారి రాయాలి, వెంటనే మూయాలి. ఫైలు తెరిచి ఉండే సమయం ఎంత తగ్గితే మధ్యలో తప్పు జరిగే అవకాశం అంత తగ్గుతుంది. జాబితాలో ఎక్సెప్షన్‌కు బదులు దాని సందేశాన్ని మామూలు అక్షరాలుగా మార్చి దాచాను.

మూసే పనిని పైథాన్‌లోని విత్ వాక్యానికి అప్పగించాను. ఇది 2006లో పైథాన్ 2.5తో వచ్చింది. దాని లోపలి భాగం మామూలుగా ముగిసినా, మధ్యలో రిటర్న్ అయినా, ఎక్సెప్షన్‌తో తెగిపోయినా, ఆ భాగం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఫైలు మూతపడుతుంది. ట్రై భాగంలో పని రాసి, ఏం జరిగినా తప్పక నడిచే ఫైనల్లీ భాగంలో ఫైలు మూసినా ఇదే సాధించవచ్చు గానీ, ఆ ప్రోగ్రామ్‌లోనే మరొక చోట ఫైలు తెరిచే వరుసను ట్రై లోపల పెట్టడం చూశాను. అక్కడ ఫైలు తెరుచుకోకపోతే ఫైనల్లీలో మూయడానికి ఆ పేరుకు విలువే ఉండదు; అసలు దోషం మీద ఇంకో దోషం పుట్టి, చదివేవారిని దారి తప్పిస్తుంది. తెరవడం ట్రైకి ముందు ఉండాలి. ఫైనల్లీలో రిటర్న్ రాస్తే వచ్చిన ఎక్సెప్షన్ చప్పుడు లేకుండా మాయమవుతుంది. దీన్ని 2025లో వచ్చిన పైథాన్ 3.14 హెచ్చరికతో పట్టిచూపుతుంది. ఈ కారణాలన్నింటి వల్ల, విత్ వాడగలిగిన చోట మరొకటి వాడకపోవడమే మేలని నా అభిప్రాయం.

అయినా పని అంతటితో పూర్తికాలేదు. మూయడం కూడా విఫలం కావచ్చు. డిస్కు నిండిపోయినప్పుడు రాసే వరుస దగ్గర ఏ ఇబ్బందీ కనిపించదు, ఎందుకంటే అక్షరాలు బఫర్‌లోకే వెళతాయి. బఫర్‌ను ఖాళీ చేయవలసిన సమయంలో, అంటే మూసేటప్పుడు, దోషం బయటపడుతుంది. అందువల్ల ఇలాంటి దోషానికి పైథాన్ లేవనెత్తే ఓఎస్ ఎర్రర్‌ను పట్టుకునే ట్రైని విత్ వాక్యానికి బయట పెట్టాను, లోపల పెడితే మూసేటప్పుడు వచ్చే దోషం దానికి చిక్కదు. దీన్ని పరీక్షించడానికి డిస్కును నింపనక్కరలేదు. లినక్స్‌లో డెవ్ డైరెక్టరీలో ఫుల్ అనే పరికర ఫైలు ఉంటుంది. దానిలోకి ఏది పంపినా చోటు లేదనే జవాబే వస్తుంది. బరువుల ఫైలు పేరుకు బదులు దాన్ని ఇచ్చి చూస్తే, రాసే వరుస నిరాటంకంగా దాటింది, విత్ ముగిసే చోట చోటు లేదనే 28వ నంబరు దోషం వచ్చింది.

ఈ పరీక్ష వల్లే రసీదు విషయంలో నిర్ణయం మారింది. అంతకుముందు వరుస రాసిన వెంటనే, ఫైలు మూయకముందే రసీదు అచ్చయ్యేది. రైతు చేతిలోని చీటీలో ఉన్న బరువు ఫ్యాక్టరీ ఫైలులో లేకపోతే, డబ్బు చెల్లించే నాడు రైతు మాట ఎవరు వింటారు? ఇప్పుడు ఫైలు దోషం లేకుండా మూతపడిన తర్వాతే రసీదు వస్తుంది. ఫైలు మూతపడినంత మాత్రాన అక్షరాలు డిస్కు మీదికి చేరినట్టు కాదు, అవి ఇంకా కెర్నల్ జ్ఞాపకంలోనే ఉండవచ్చు. కరెంటు పోయి కంప్యూటరు ఉన్నపళంగా ఆగిపోయే చోట అది చిన్న విషయం కాదు. కాబట్టి మూసే ముందు బఫర్‌ను ఖాళీ చేయించి, అక్షరాలను డిస్కు మీదికి చేర్చమని కెర్నల్‌కు చెప్పే ఎఫ్‌సింక్‌ను పిలిచాను. అది నెమ్మదైన పనే, కానీ ఒక బండికి ఒకసారే కనుక కాటా దగ్గర ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు.

చివరి పరీక్షకు ఫైళ్ల హద్దును కావాలనే 30కి తగ్గించి, కాటా పంపినట్టుగా చెడ్డ అక్షరాలను అదేపనిగా పంపాను. పాత ప్రోగ్రామ్ కాసేపటికే పడిపోయింది. కొత్తది ఆగలేదు, ఎఫ్‌డీ భాగంలో సంఖ్యలు పెరగలేదు. తెరిచి ఉన్న ఫైళ్ల సంఖ్యను సాయంత్రం నివేదికలో ఒక వరుసగా చేర్చాను. ఫైలు సరిగా మూతపడకపోతే తెరమీద ‘బరువు నమోదు కాలేదు, బండిని కాటా దింపవద్దు’ అని తెలుగులో కనిపించేలా చేయమని పెద్దాయన కోరారు, అది కూడా పెట్టి ప్రోగ్రామ్‌ను అప్పగించాను.