బాబాయిగారి వేళ్ళకి తెలిసిన ఎక్సెల్

మా ఆఫీసులో కంప్యూటర్లు మార్చి రెండు నెలలు దాటింది, దీని గురించి రాయకూడదనే అనుకున్నాను, ఎందుకంటే సర్దుకుంటాయిలే అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. కానీ నిన్న రాత్రి బాబాయిగారు నన్ను పిలిచి అడిగిన మాట విన్నాక ఇంక ఆగలేక రాస్తున్నా.

మాది భీమవరం దగ్గర రొయ్యలు కొనే ఆఫీసండి. నేను అకౌంట్స్ చూస్తాను. బిల్లులు వేసేది మాత్రం మా పెద్ద గుమస్తాగారు, ఆఫీసు పెట్టిన రోజు నుంచీ ఆయనే, ఓనరుగారి దగ్గర నుంచి ఐస్ దించే కుర్రాళ్ళ వరకు అందరం ఆయన్ని బాబాయిగారనే పిలుస్తాం. అరవై దాటాయి. కంప్యూటర్ రాకముందు కార్బన్ పేపర్ పెట్టి బిల్లు పుస్తకం రాసిన మనిషి, ఆ తర్వాత ఎక్సెల్ 2003, అంటే లెక్కల పట్టికలు వేసుకునే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్, నేర్చుకున్నారు, నేర్చుకున్నారంటే ఎవరూ నేర్పలేదు, రాత్రిపూట లారీలు వెళ్ళిపోయాక కూర్చుని తనే ఒక్కొక్కటీ నొక్కి చూసుకుని పట్టారు. అప్పటినుంచీ అదే 2003. దానికి కంపెనీ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8నే ఆపేసింది, విండోస్ ఎక్స్‌పీకి కూడా అదే రోజు ఆపేశారు, అయినా మా మూల టేబుల్ మీద ఆ పాత మిషన్ అలా నడుస్తూనే ఉండేది.

మార్చడం తప్పని నేను అనట్లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు లేని మిషన్‌లో రైతుల బ్యాంక్ ఖాతాల వివరాలు పెట్టుకుని కూర్చోవడం మంచిది కాదని నాకూ తెలుసు. నా బాధంతా మార్చిన పద్ధతి గురించే. సరిగ్గా పట్టుబడులు, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టడం, జోరుగా ఉన్న వారంలో, ఒక ఆదివారం, బాబాయిగారు ఊళ్ళో లేనప్పుడు, ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా మా ఆఫీసువాళ్ళు పాత మిషన్ తీసేసి కొత్తది పెట్టించేశారు. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి ఆయన వచ్చి ఫైల్ తెరిచేసరికి పైన ఫైల్, ఎడిట్, వ్యూ, ఇన్సర్ట్ అని వరసగా ఉండే మెనూ లేదు, దాని చోట పెద్ద పెద్ద బొమ్మలతో ఒక పట్టీ ఉంది.

ఆ పట్టీ పేరు రిబ్బన్, కొత్తదేం కాదు, ఎక్సెల్ కూడా ఉండే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007తోనే వచ్చింది. మిగతా వాళ్ళందరూ ఎప్పుడో ఇన్నేళ్ళలో మెల్లగా ఒక్కో మెట్టూ దిగి అలవాటు పడ్డారు, 2007లో ఎడమ పక్క పైన గుండ్రటి బటన్ ఉండేది, జనానికి అది మెనూ అనే తెలిసేది కాదు, 2010లో దాన్ని తీసేసి మళ్ళీ ఫైల్ అని పెట్టారు, రిబ్బన్‌ని మనకి కావాల్సినట్టు మార్చుకునే వీలు కూడా అప్పుడే ఇచ్చారు. బాబాయిగారికి ఆ మెట్లేవీ లేవు. ఇరవై ఏళ్ళ దూరం ఒక్క రాత్రిలో దూకాల్సొచ్చింది, అదీ ఎదురుగా రైతు నిలబడి ఉండగా.

రొయ్యల సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను, లేకపోతే ఆ తొందర అర్థం కాదు. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది, కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది, ఒక్క కౌంట్ అటూ ఇటూ అయినా టన్నుల మీద లెక్క మారిపోతుంది. ఆ రేట్లు కూడా రోజూ ఒకలా ఉండవు. పట్టుబడి చాలాసార్లు రాత్రిపూటో తెల్లారుజామునో ఉంటుంది, కాటా అయ్యాక రైతు మా దగ్గరకొచ్చి బిల్లు చూసుకుంటాడు, బయట వల లాగిన కుర్రాళ్ళు కూలి డబ్బుల కోసం బళ్ళ మీద కూర్చుని ఉంటారు. ఆ టైములో పేస్ట్ స్పెషల్ ఎక్కడుందో వెతుక్కుంటూ ఒక పెద్దాయన స్క్రీన్ మీద మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిరగడం నేను చూశాను. కాళ్ళ అనే ఊరి నుంచి వచ్చిన ఒక రైతు "పర్లేదండి బాబాయిగారు, నిదానంగా చూడండి" అన్నాడు, ఆ మాటకి ఆయన ముఖం చిన్నబోయింది. ఇరవై ఏళ్ళలో ఆయనకి నిదానంగా అని చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

పేస్ట్ స్పెషల్ అంత ముఖ్యమా అంటే, మాకు ముఖ్యమే. బిల్లులో రేటు ఫార్ములాగా ఉంటే రేట్ల షీట్ రేపు మారగానే నిన్నటి బిల్లు కూడా మారిపోతుంది. అందుకే ఆయన బిల్లు పూర్తవగానే పేస్ట్ స్పెషల్‌తో ఫార్ములా తీసేసి అంకెల్ని అంకెలుగానే అతికించేస్తారు, ఆ రోజు రేటు ఆ రోజుకే ఉండిపోతుంది. రైతుకి మనం ఇచ్చిన మాట అక్కడుందమ్మా అంటారు.

ఇంతకంటే పెద్ద దెబ్బ రెండో వారంలో తగిలింది. ఆయన అలవాటేంటంటే నిన్నటి ఫైల్ తెరిచి, అందులోనే ఈరోజు అంకెలు వేసి, అంతా అయ్యాక సేవ్ యాజ్ కొట్టి ఈరోజు తేదీ పేరు పెడతారు. పాత మిషన్‌లో సేవ్ కొట్టేదాకా నిన్నటి ఫైల్‌కి ఏమీ కాదు, దాని మీదే ఆయన నమ్మకం. కొత్త మిషన్‌లో ఫైళ్ళన్నీ ఇంటర్నెట్‌లో ఉండే క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టి, ఎక్స్‌ఎల్‌ఎస్ అనే పాత ఎక్సెల్ రకం ఫైళ్ళని కొత్త ఫార్మాట్‌లోకి మార్చేశారు, దాంతో ఆటోసేవ్ దానంతటదే ఆన్ అయి ఉంది. ఆయన ఒక్కో అంకె మారుస్తుంటే నిన్నటి ఫైల్‌లోనే సేవ్ అయిపోతూ వచ్చింది. ఇది ఆయనకి చెప్పినవాళ్ళు లేరు, నాకూ తెలీదు. మూడు రోజుల తర్వాత ఆకివీడు వైపు రైతు ఒకాయన పాత లెక్క చూపించమని వస్తే తెరిచాం, పైన తేదీ ఒకటి, లోపల అంకెలు ఇంకో రోజువి, వరసగా అన్నీ అంతే.

బాబాయిగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. "అమ్మాయ్, నేను చెరిపానా?" అని నన్నడిగారు. ఆ మనిషి లెక్కలో పది రూపాయలు తేడా రాగా నేను పదకొండేళ్ళలో చూడలేదు, ఆయన నోటి వెంట ఆ ప్రశ్న రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది. మీరు చెరపలేదండి, అదే రాసేసుకుంది అని చెప్పినా ఆయనకి నమ్మకం కుదర్లేదు. చివరికి ఫైల్‌లో ఇన్ఫోలోకి వెళ్ళి వెర్షన్ హిస్టరీ తెరిచి ఏ రోజు రూపం ఆ రోజుది బయటికి తీశాం, రైతు దగ్గరున్న కాగితం బిల్లుతో సరిపోల్చుకున్నాం, సరిపోయింది. ఆ సాయంత్రమే ఆటోసేవ్ ఆపేశాను. ఎవరైనా ఇలాగే నిన్నటి ఫైల్ మీద ఈరోజు పని చేసేవాళ్ళుంటే ముందు కాపీ తీసుకుని అప్పుడు అంకెలు మార్చండి, లేదా పైన ఎడమ పక్క ఆటోసేవ్ బటన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఇక మంచి సంగతి. ఒకరోజు కరెంట్ పోయి వచ్చాక, పని హడావిడిలో, ఆయన మౌస్ సంగతి మర్చిపోయి చేతులు కీబోర్డ్ మీద పెట్టి పాతకాలంలో కొట్టినట్టే ఆల్ట్, ఈ, ఎస్ కొట్టేశారు. పేస్ట్ స్పెషల్ బాక్స్ టక్కున వచ్చింది. వీ కొట్టి ఎంటర్ కొట్టారు, అంకెలు అతికాయి. ఆయన ఆగిపోయి నావైపు చూశారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ వచ్చింది. తర్వాత ఇద్దరం కూర్చుని పాతవన్నీ ఒక్కోటీ కొట్టి చూశాం, ఆల్ట్ డి ఎఫ్ ఎఫ్ అంటే ఫిల్టర్ పడింది, ఆల్ట్ ఐ ఆర్ అంటే వరస చేరింది, ఆల్ట్ డి ఎస్ అంటే సార్టింగ్ వచ్చింది. మెనూ కనపడకపోయినా పాత మెనూ అక్షరాలు లోపల అలాగే ఉంచారు, ఆల్ట్ ఈ కొట్టగానే పాత వెర్షన్ కీలు కొనసాగించండి అన్నట్టు చిన్న పెట్టె కూడా పైన వస్తుంది. అలా ఉంచిన వాళ్ళెవరో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు, ఎక్కడో ఒకచోట ఇలాంటి మనిషి ఉంటాడని వాళ్ళు తలచుకునే ఉంటారు కదా. కంట్రోల్ ఎఫ్1 కొడితే ఆ బొమ్మల పట్టీ కూడా ముడుచుకుపోతుంది, ఎఫ్12 కొడితే పాత సేవ్ యాజ్ కిటికీ నేరుగా వస్తుంది. ఇవన్నీ ఆ మొదటి సోమవారమే ఎవరైనా ఒక కాగితం మీద రాసి ఆయన టేబుల్ మీద పెట్టి ఉంటే ఈ రెండు నెలలు ఇలా గడిచేవి కావు. అరగంట పని.

ఆ కాగితం ఇప్పుడు నేనే రాశాను, తెలుగులో, పెద్ద అక్షరాలతో, మానిటర్ పక్కన అంటించాం. ఆయన దాన్ని చూడరు, ఆయనకి అక్కర్లేదు, కొత్తగా చేరిన కుర్రాడు చూస్తున్నాడు.

ఇంక నిన్న రాత్రి సంగతి. పదకొండు దాటింది, రెండు బళ్ళు కాటా దగ్గర ఉన్నాయి, స్క్రీన్ మీద పసుపు రంగు పట్టీ ఒకటి వచ్చింది, అప్‌డేట్ ఉంది అని. బాబాయిగారు చేతులు కీబోర్డ్ మీద నుంచి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అమ్మాయ్, నేనేం నొక్కలేదమ్మా, ఇది మళ్ళీ మారిపోతుందా?" అన్నారు. ఏం మారదండి, మీరు బిల్లు వెయ్యండి అని ఆ పట్టీ మూసేశాను. పొద్దున్నే ఓనరుగారికి ఫోన్ చేసి చెప్పాను, సెక్యూరిటీవి వస్తే నేను దగ్గరుండి పొద్దుటిపూట చేయిస్తానండి, తెర మారే పని ఏదైనా ఉంటే మాత్రం ముందు బాబాయిగార్ని కూర్చోబెట్టి చూపించాకే, అదీ ఈ పట్టుబడులు అయ్యాకే అని. ఒక్క నిమిషం ఆగి సరేనమ్మా అన్నారు.