టేపు ఎక్కడ పెట్టావ్?

పోయిన నెల మా బాస్ పెట్టిన చీవాట్లు నాకింకా అరగలేదు. చీవాట్లంటే మన ఆఫీసుల్లోలా ఫైలు విసిరికొట్టడం లాంటివి కాదులెండి, కాఫీ కప్పు పట్టుకుని వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చాలా మెల్లగా అడిగింది, "రెండో కొలత ఏది?" అని. అంతే. కాస్త గొంతు పెంచినా బాగుండేది, నాక్కూడా కోపం తెచ్చుకునే వీలు దొరికేది.

నేను కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి అవతలి ఒడ్డున ఉండే ఈస్ట్ బేలో ఓ చిన్న సిటీలో ప్లానింగ్ కౌంటర్‌లో పని చేస్తా. హెచ్4 మీద, అంటే మొగుడి ఉద్యోగ వీసాకి తోకలా వచ్చే వీసా మీద, నాలుగేళ్ళు ఇంట్లో కూర్చుని, తర్వాత శాన్ హోసే స్టేట్‌లో ప్లానింగ్‌లో మాస్టర్స్ చేసి ఇందులో చేరా. సాఫ్ట్‌వేర్ కాదనగానే మనవాళ్ళు ఒక్క క్షణం ఆగి "అంటే మున్సిపాలిటీయా?" అంటారు. అవును, మున్సిపాలిటీయే. ఇక్కడ షాపు తెరవాలన్నా, కంచె ఎత్తు పెంచాలన్నా, కారు షెడ్డుని గది చేసుకోవాలన్నా ముందు మా కిటికీ దగ్గరికి రావాల్సిందే.

ఆగస్టులో ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటుంటాయి, చేతి వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని నల్లటి నూనె మరకలు. వేట తుపాకులు రిపేర్ చేస్తాడట, ఇప్పుడు అమ్మకం కూడా పెడతానని. వ్యాక్యూమ్ క్లీనర్లు బాగుచేసే షాపొకటి మూతపడితే అది లీజుకి మాట్లాడుకున్నాడు. ఫెడరల్ లైసెన్స్ ఏటీఎఫ్ వాళ్ళు, అంటే తుపాకుల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ వాళ్ళు, ఇస్తారు, మామూలు డీలర్‌కి మూడేళ్ళకి 200 డాలర్లు, ఏమంత కాదు. కానీ ఆ అప్లికేషన్‌లోనే, నా వ్యాపారం లోకల్ చట్టాలకి విరుద్ధం కాదు అని రాసి సంతకం పెట్టాలి. అందుకే వాషింగ్టన్ సంగతి తర్వాత, ముందు ఊళ్ళో జోనింగ్ కాగితం, అంటే ఆ చోట ఆ షాపు పెట్టుకోవచ్చు అనే కాగితం. ఆ కాగితం నా దగ్గర.

మా సిటీ రూల్లో గన్ స్టోర్‌కీ స్కూల్‌కీ, డేకేర్‌కీ, ఇళ్ళ జోన్‌కీ మధ్య 500 అడుగులుండాలి. మన లెక్కలో 152 మీటర్లు. ఆయన షాపుకి అవతల, ఆరు లేన్ల రోడ్డు దాటాక, ఒకావిడ ఇంట్లోనే డేకేర్ నడుపుతుంది. జీఐఎస్‌లో, అంటే మా కంప్యూటర్ మ్యాపులో, స్థలం హద్దు నుంచి స్థలం హద్దుకి గీత లాగితే 468 అడుగులు వచ్చింది. ఇక రెండో గీత లాగలేదు. "468, కుదరదు" అని రిపోర్ట్ రాసేశా, రాసి హాయిగా ఇంటికెళ్ళి పప్పుచారు పెట్టుకున్నా.

ఇక్కడ మీకో మాట చెప్పాలి, నాకు నేను చెప్పుకోవాల్సింది కూడా అదే అనుకోండి. ఆ గీత లాగేటప్పుడు నా చెయ్యి ఊరికే లాగలేదు. మనం తుపాకీ చూసిందెక్కడ? బ్యాంకు గుమ్మం దగ్గర స్టూల్ మీద కూర్చుని కునికిపాట్లు పడే గార్డు తాత ఒళ్ళో డబల్ బ్యారెల్. అంతే కదా. అదీ ఎలక్షన్లొస్తే లైసెన్సున్నవాళ్ళలో చాలామంది తుపాకులు తీసుకెళ్ళి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. అలాంటి చోట పుట్టి పెరిగి ఇక్కడికొస్తే, ఒకటో క్లాసు పిల్లాడు స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్, అంటే ఎవడైనా తుపాకీతో వస్తే ఎలా దాక్కోవాలో ప్రాక్టీసు, చేశామని, లైట్లార్పేసి బల్లల కింద చప్పుడు లేకుండా కూర్చున్నామని అన్నం తింటూ చెప్తాడు. 2017లో కాన్సస్‌లో ఒలేథాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చినప్పుడు మా అమ్మ వారం రోజులు రోజుకి రెండుసార్లు ఫోన్ చేసింది, వచ్చేయండమ్మా అని. ఇవన్నీ మనసులో ఉన్న మనిషి చేతికి మౌసిచ్చి నిష్పక్షపాతంగా గీత గీయమంటే ఎలా?

అని నేను బాస్‌తో అనలేదు. "కోడ్‌లో 500 అడుగులనే ఉంది, ఎక్కడి నుంచి ఎక్కడికో లేదు" అన్నా. "అందుకే అడుగుతున్నా" అంది. తలుపు నుంచి తలుపుకి లాగమంది. లాగా. 531.

నోరు పెగల్లేదు.

అప్పుడు శాన్ లొరెంజో కేసు చెప్పింది. మా కౌంటీలోనే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), అలమీడాలో జరిగింది. టెషేరా అనే ఆయన ఇంకో ఇద్దరితో కలిసి గన్ షాపు పెట్టబోయాడు, అక్కడా 500 అడుగుల రూలే. వీళ్ళు తలుపు నుంచి తలుపుకి కొలిస్తే 500 దాటింది, కౌంటీ వాళ్ళు కొలిస్తే 446. మధ్యలో ఫ్రీవే 880 అడ్డంగా ఉంది కదా, ఇళ్ళకేం ఇబ్బంది అని 2011 డిసెంబర్లో జోనింగ్ బోర్డు మినహాయింపిచ్చింది. ఇళ్ళ అసోసియేషన్ వాళ్ళు అప్పీల్ చేస్తే 2012 ఫిబ్రవరిలో సూపర్‌వైజర్లు, అంటే కౌంటీని నడిపే పాలక మండలి వాళ్ళు, ఆ మినహాయింపుని కొట్టేశారు. ఆయన కోర్టుకెక్కాడు. 2016లో ఫెడరల్ అప్పీల్ కోర్టులో ముగ్గురు జడ్జీల బెంచి ఆయనవైపు మొగ్గింది, మళ్ళీ 2017 అక్టోబర్లో అదే కోర్టులో పదకొండు మంది జడ్జీలు కూర్చుని 9-2తో కౌంటీవైపు తేల్చారు. కౌంటీలో అప్పటికే 10 గన్ షాపులున్నాయి, అందులో ఒకటి ఈయన అనుకున్న చోటికి 600 అడుగుల దూరంలోనే ఉంది, కాబట్టి కొనుక్కునేవాళ్ళ హక్కుకి లోటేం లేదు, అమ్ముకోవడం మాత్రం విడిగా రాజ్యాంగ హక్కు కాదు, అని. 2018 మేలో సుప్రీం కోర్టు ఇక మేం వినం అంది. ఒక్క షాపు, యాభై నాలుగు అడుగులు, ఇన్నేళ్ళు! పైగా 2022లో న్యూయార్క్ తుపాకుల కేసులో సుప్రీం కోర్టు తీర్పొచ్చాక తుపాకుల రూల్ ఏదైనా సరే పాత చరిత్రలో ఇలాంటిది ఉండేదా అని కోర్టులు తవ్వుతున్నాయి, కాబట్టి లాయర్లకి చేతినిండా పని. "నువ్వు ఒక్క గీతే చూపించి, అవతలి లాయర్ రెండోది చూపిస్తే, నీ మొదటి గీతని కూడా ఎవరూ నమ్మరు" అంది మా బాస్.

నాకు మండింది. నిజం చెప్తున్నా, మండింది. ఈవిడకేం తెలుసు అనుకున్నా. ఆ రాత్రి పడుకుంటే మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న సర్వేయర్. గొలుసు పట్టుకుని తెనాలి చుట్టుపక్కల పొలాలన్నీ తిరిగినవాడు, గొలుసుకి అరవై ఆరడుగులు, నూరు లింకులు, మాకు ఎక్కాలతో పాటే అవీ వచ్చేవి. అన్నదమ్ములిద్దరు గట్టు దగ్గర కొట్టుకుంటుంటే వెళ్ళి, ముందు ఇద్దర్నీ పిలిచి రాయి చూపించేవాడు, "ఇదిగో ఇక్కణ్ణుంచి పెడుతున్నా, ఇద్దరూ ఒప్పుకున్నట్టేనా" అని. ఒప్పుకున్నాకే గొలుసు పరిచేది. "కొలత ఎవడైనా కొలుస్తాడమ్మా, టేపు ఎక్కడ పెట్టావన్నదే గొడవంతా" అనేవాడు. ఆయన కూతురుని నేను.

మా ఊళ్ళో వైన్ షాపు సంగతి తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో. గుడికీ బడికీ 100 మీటర్లుండాలి, కానీ మనుషులు మామూలుగా నడిచే దారిలో కొలవాలని రూలు. ఇంకేం, గుడివైపు షట్టర్ దించేసి వెనక సందులోకి తలుపు పెట్టారు, దూరం అమాంతం పెరిగిపోయింది. హైవేలకి 500 మీటర్ల లోపు మందు అమ్మొద్దని మన ఇండియా సుప్రీం కోర్టు అన్నాక, 2017లో కేరళలో పరవూరు దగ్గర ఒక బార్‌వాళ్ళు ముందున్న ఖాళీ స్థలంలో వంకరటింకరగా గోడలు కట్టి జనాన్ని జంతికలా తిప్పి లోపలికి పంపారు. అప్పుడు ఆ ఫోటో గ్రూపులో పెట్టి, ఇండియాలో రూల్స్ ఇంతే అని రాసింది నేనే! ఇప్పుడు అదే పని మౌస్‌తో చేశా, కాకపోతే వాళ్ళు పెంచారు, నేను తగ్గించా.

ఇంతలో ఈ సంగతి బయటికొచ్చింది. ఇలాంటివి తేల్చడానికి సిటీలో హియరింగ్ పెట్టి జనం మాట వింటారు, దానికి కనీసం పది రోజుల ముందు 300 అడుగుల లోపు స్థలాల ఓనర్లకి నోటీసు పోస్టులో పంపాలి, ఓనర్లలో మనవాళ్ళూ ఉన్నారు. ఇక వాట్సాప్ మోగడం మొదలు. "అక్కా నువ్వు అక్కడే కదా, ఆపించెయ్" అని ఒకమ్మాయి. "వదినా, ఏదోటి రాసెయ్, నీ చేతిలో పనేగా" అని ఇంకొకళ్ళు. టెక్సాస్ నుంచి మా పెద్దమ్మ కొడుకైతే ఒకటే నవ్వు, "మా దగ్గర గన్ షాపుకంటూ సిటీలు స్పెషల్ రూల్ పెట్టడానికే లేదే, మామూలు షాపుకున్న జోనింగే దానికీ" అని. వాడు ఆదివారాలు తుపాకీ కాల్చే షూటింగ్ రేంజ్‌కి కూడా వెళ్తాడట, పెద్దమ్మకి తెలీదు. మన ఊళ్ళో ఎమ్మార్వో ఆఫీసులో తెలిసినవాళ్ళున్నారా అని వెతుక్కునే అలవాటు కదా, పదిహేనేళ్ళయినా పోలేదు, ఇప్పుడు ఆ తెలిసినవాళ్ళు నేనయ్యా. నా చేతిలో ఏం లేదు అని అందరికీ రాశా. రాస్తుంటే వేళ్ళకి సిగ్గేసింది.

రిపోర్ట్ మళ్ళీ రాశా, రెండు గీతలతో, 468 ఎర్రది, 531 నీలంది. సిటీ అటార్నీ, అంటే మా సిటీ లాయర్, వెతికితే కోడ్‌లో ఇంకోచోట, లిక్కర్ షాపుల చాప్టర్‌లో, దూరమంటే స్థలం హద్దు నుంచి హద్దుకి అని ఉందట (అక్కడా వైన్ షాపే దిక్కైంది చూడండి). అదే వాడారు. హియరింగ్‌లో తలా మూడు నిమిషాలు మాట్లాడారు, డేకేర్ ఆవిడ ఏడ్చింది, పెద్దాయన కాగితం చూసి చదివాడు, చెయ్యి వణికింది. ఆరు లేన్లు దాటి మూడేళ్ళ పిల్లలెవరూ నా షాపుకి రారు అన్నాడు. అది నిజమే. కుదరదనే తేల్చారు.

అంటే నేను మొదట రాసిందే నెగ్గింది. ఆ మాట బాస్‌తో అనాలని నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశా.

మర్నాడు పెద్దాయన కౌంటర్‌కి వచ్చాడు. తిడతాడనుకుని పక్కనున్నతన్ని కూడా పిలిచి పెట్టుకున్నా. తిట్టలేదు. రెండు గీతలున్న మ్యాప్ పెద్ద సైజులో ప్రింట్ కావాలన్నాడు, డబ్బు కట్టాడు, బల్లమీద పరిచి నీలం గీత మీద నల్ల మరకల వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి జరిపాడు. "దీన్ని కూడా వేశారు, థాంక్స్" అన్నాడు. అది నా అంతట నేను వేసింది కాదని చెప్పలేకపోయా.

పోయిన వారం ఇంకో అడ్రస్‌తో వచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో, టైర్ల షాపుల వెనక. హద్దు నుంచి హద్దుకి 612, తలుపు నుంచి తలుపుకి 655. రెండూ రాసుకున్నా. ఆయన వెళ్ళాక ఇంకోసారి కొలిచా, ఏమైనా తగ్గుతుందేమోనని.