వంశధారకు ఇవతల గంటన్నర

పక్షుల్ని చూసింది ముప్పావుగంట. వాటికోసం బయల్దేరి, పొగమంచులో ఒక టీ కొట్టు ముందు కూర్చున్నది గంటన్నర. ఇంటికొచ్చి వారం దాటినా నా మనసు ఆ టీ కొట్టు దగ్గరే తిరుగుతోంది.

జనవరి మొదటి ఆదివారం. తేలినీలాపురం తీసుకెళ్లమని మా అమ్మాయి రెండేళ్లుగా అడుగుతోంది. టెక్కలి దగ్గరి ఆ ఊరికి చలికాలం పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. అవి మేతకు ఎగిరిపోకముందే చూడాలని విజయనగరంలో నాలుగున్నరకే కారు తీశాం. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన తమ్ముడు, వెనక అమ్మ, పిల్ల. ముందురోజు పొద్దున్నే, బండి వేడెక్కకముందే టైర్లలో గాలి చూపించాను. చలికి గాలి దానంతటదే తగ్గుతుంది. ఐదారు డిగ్రీల చలి పెరిగితే సుమారు ఒక పాయింటు పోతుంది. వైపర్లు, ఫాగ్ లైట్లు చూసుకున్నాను. తమ్ముణ్ని వెనక నిలబెట్టి బ్రేకు తొక్కి, లైటు వెలుగుతోందో లేదో అడిగాను. అంతా సరిగ్గా ఉందన్న ధైర్యంతోనే బయల్దేరాను.

నాతవలసలో హైవే ఎక్కేసరికి ఆకాశం నిండా చుక్కలు. "ఇంత తెరిపిగా ఉంటే మంచేంటక్కా, నువ్వూ నీ భయమూ" అన్నాడు తమ్ముడు. నాకూ అలాగే అనిపించింది. చుక్కలు అంత బాగా కనబడటమే మంచు పట్టడానికి గుర్తని ఆ పూట నాకు తోచలేదు. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేలలోని వేడంతా పైకి పోతుంది. నేలను అంటుకుని ఉన్న తడిగాలి చల్లబడి సన్నటి నీటి తుంపరగా మారుతుంది. చెరువు గట్లు, ఏటి ఒడ్లు, వరి కోసిన మళ్లు ఎక్కడుంటే అక్కడ ఎక్కువ. అందుకే మా వైపు మంచు అంతటా ఒకేలా ఉండదు. ఆ రోజు పైడిభీమవరం దగ్గర పలచగా కనబడింది, రణస్థలంలో లేదు, చిలకపాలెం దగ్గర మళ్లీ పలచగా మొదలైంది. ఇలా వచ్చిపోతుంటే, వచ్చినా పోతుందిలే అన్న నమ్మకం ఏర్పడిపోతుంది. నాగావళి దాటి, సింగుపురం కూడా దాటాక ఎవరో తెల్ల దుప్పటి తెచ్చి అద్దం మీద కప్పేసినట్టయింది.

తమ్ముడు హై బీమ్ వేయమన్నాడు. వేశాను. ఎదురుగా తెల్లటి గోడ లేచి నిలబడింది. వెలుగంతా ఆ తుంపర మీద పడి తిరిగి నా కళ్లలోకే వచ్చింది. వెంటనే డిమ్‌లోకి మార్చి ఫాగ్ లైట్లు వేస్తే బండి ముందు కొంచెం తారు, తెల్లగీత కనబడ్డాయి. అంతలో లోపలి అద్దం కూడా మసకబారింది. నలుగురి ఊపిరి. అమ్మ చలికి తట్టుకోలేక కిటికీలన్నీ మూయించింది, ఏసీ ఆపించింది. తమ్ముడు చేత్తో తుడుస్తుంటే గీతలు పడి ఇంకా పాడైంది. ఏసీ వేసి గాలిని ముందు అద్దం మీదకు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చే మీట నొక్కాను. అమ్మ శాలువా తలమీద కప్పుకుంది. రెండు నిమిషాల్లో అద్దం తేటపడింది. ఏసీ గాలిలోని తడిని లాగేస్తుంది కాబట్టి చలికాలంలోనూ దాని అవసరం ఉంటుంది. ఈ మాట అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోదు.

ముప్పైలో వెళ్తున్నాను. వెనక నుంచి ఒక ప్రైవేటు బస్సు హారన్ కొట్టి దాటిపోయింది. దాని వెనక ఎర్రలైట్లు చూడగానే ప్రాణం లేచొచ్చింది. "దాని వెనకే పో అక్కా, దారి అదే చూపిస్తుంది" అన్నాడు తమ్ముడు. వెళ్లాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక్క ఎర్రలైట్ల జత చూసుకుంటే చాలు, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. కాసేపటికి మీటరు వైపు చూస్తే అరవై. అరవైలో ఉన్నట్టు నాకు ఏమాత్రం తెలియలేదు. పక్కన చెట్లు, రాళ్లు కనబడనప్పుడు వేగం ఒంటికి తెలియదు. కాలు తీద్దామనుకుంటున్నాను, అంతలో బస్సు చటుక్కున కుడికి తప్పుకుంది. అది తప్పుకున్న చోట ఒక గడ్డి కొండ.

ట్రాక్టరు ట్రక్కు నిండా వరిగడ్డి. రెండు పక్కలా బయటికి పొంగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం ముక్క లేదు. బ్రేకు ఎంత గట్టిగా తొక్కానో, వెనక సీట్లోంచి పిల్ల కేక వినబడింది. బెల్టు దాన్ని పట్టి ఆపింది. కారు ఆగేసరికి గడ్డిపరకలు విడివిడిగా కనబడేంత దగ్గరలో ఉన్నాం. మధ్యలో బారెడు కూడా లేదు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16 మీటర్లు దాటి వెళ్తాం. తొక్కాలని బుర్రకు తోచేలోపే అంత దూరం అయిపోతుంది. నాకు కనబడుతున్నది మహా అయితే 30 మీటర్లు. ఇది ఇప్పుడు కూర్చుని లెక్క కడుతున్నాను. అప్పుడు మాత్రం నా చెవుల్లో నా గుండె చప్పుడొక్కటే ఉంది. వెనక నుంచి ఇంకేదైనా వస్తుందేమోనన్న ఆలోచన వచ్చాక బండి మళ్లీ కదిలించగలిగాను. కొంచెం ముందుకెళ్తే ఎడమ పక్క మంట వెలుగు మసగ్గా కనబడింది. హైవే దిగి, సర్వీసు రోడ్డు కూడా దిగి, ఆ వెలుగు పక్కన మట్టిలో ఆపాను. స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయడానికి కాసేపు పట్టింది.

తాటాకు పాక, బల్ల, కిరసనాయిలు డబ్బా పొయ్యి, బయట చలిమంట. కొట్టు మామ్మ మమ్మల్ని చూసి, "ఏటమ్మా, పిల్లనేసుకుని ఈ మంచులో ఎక్కడికెల్తన్నారు? ఇలాగొచ్చి కూకోండి" అంది. టీ పది రూపాయలు. ఇదే హైవే మీద ఏసీ హోటళ్లలో ముప్పై తీసుకుంటారు, కప్పు ఇంతకు సగం ఉంటుంది. పిల్లకు వేడిపాలు ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. మంట దగ్గర ఒక లారీ డ్రైవరు కూర్చుని ఉన్నారు. యాభై అయిదేళ్లు ఉంటాయి, మఫ్లరు, కాళ్లకు రబ్బరు చెప్పులు. గ్రానైటు రాళ్లు ఎక్కించుకోవడానికి ఖాళీ బండితో టెక్కలి వెళ్తున్నారట. ఐదింటి నుంచీ ఇక్కడే ఉన్నానన్నారు.

బస్సు సంగతి చెప్పాను. ఆయన తల ఊపారు. "అందరూ అదే చేస్తారమ్మా. ఆడు దేన్నో గుద్దితే మనం ఆణ్ని గుద్దుతాం, మన ఎనకోడు మనల్ని గుద్దుతాడు. ఆ బస్సోడికి రోడ్డు కనబడిందా? ఆడు ఎత్తులో కూకున్నాడు గానీ ఆడికీ కనబళ్లేదు."

నాలుగు ఇండికేటర్లూ వేసుకుని మెల్లగా వెళ్లిపోదామా అని తమ్ముడు అడిగాడు. వద్దన్నారు. బండి నడుస్తుంటే అవి వేస్తే, నువ్వు ఆగున్నావో తిరుగుతున్నావో వెనకోడికి తెలియదన్నారు. రోడ్డు అంచున ఆగడం ఇంకా ప్రమాదమట. "అంచుకి ఆపి లైట్లు ఎలిగించుకుంటే, నాలాటోడు ఆ లైట్లు చూసి రోడ్డు అటే ఉందనుకుని మీదకొచ్చీస్తాడు. లోడు బండి మీ కారులాగ నిల్చోదమ్మా. ఆగితే ఇలాగ పూర్తిగా దిగిపోవాల, లేకపోతే ఆక్కూడదు."

మా అమ్మ మంట దగ్గర చేతులు కాచుకుంటూ మా పెదనాన్న సంగతి తీసింది. ఆయన సాలూరు దాటి సుంకి ఘాట్ మీద లారీ నడిపేవారు. ఇప్పుడు 26వ నెంబరు జాతీయ రహదారి అంటున్న ఆ దారి అప్పట్లో 43వ నెంబరు. ఘాట్‌లో మబ్బు దిగినప్పుడు క్లీనరు తెల్ల తువ్వాలు వీపున వేసుకుని బండి ముందు నడిచేవాడట. పెదనాన్న కిటికీ అద్దం దించి, చెవి బయట పెట్టి, ఆ తువ్వాలు వెనకే ఒకటో గేరులో దించుకొచ్చేవారట. నాకు గుర్తున్న పెదనాన్న ఇంటికి రాగానే గంటసేపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. చిన్నప్పుడు ఆయనకు మేమంటే ఇష్టం లేదనుకునేదాన్ని. ఆ పొద్దున్న స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయలేకపోయినప్పుడు ఆయన మౌనం నాకు అర్థమైంది. ఆయన పోయి పన్నెండేళ్లయింది.

తెల్లారితే మంచు పోతుందని అనుకున్నాం. ఆరున్నరకు వెలుతురు వచ్చింది, మంచు ఇంకా చిక్కబడింది. సూర్యుడి వేడికి నేల దగ్గరి గాలి కదిలి, పోయే ముందు ఒకసారి అలా చిక్కబడటం మామూలేనట. హైవే పక్క నుంచి బళ్ల చప్పుడు వినబడుతోంది, ఒక్కటీ కనబడదు. ఎక్కడో గుడి మైకు. పాల క్యాన్లతో ఒక బైకు మా ముందు నుంచే వెళ్లింది. మాకు కనబడింది రెండంటే రెండు సెకన్లు. నల్లబట్టల్లో నలుగురు అయ్యప్ప స్వాములు నడిచి వచ్చి మంట దగ్గర నిలబడితే, వీళ్లు రోడ్డు మీద నడుస్తుంటే ఎవరికి కనబడతారని భయం వేసింది.

అప్పుడు వచ్చింది ఆ గడ్డి ట్రాక్టరు. సర్వీసు రోడ్డు మీద నుంచి మా ముందుకే వచ్చి ఆగింది. నడుపుతున్నవాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. నాకు కోపం ఆగలేదు. "వెనక ఒక్క లైటైనా లేదు, నా కూతురు బండిలో ఉంది, తెలుసా నీకు?" అని అరిచాను. వాడు టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "వైరు తెగిపోయిందమ్మా. బాగుసేయించినా గడ్డి కమ్మీస్తది, లైటు కనబడదు" అన్నాడు. రాత్రంతా కళ్లంలో పనిచేసి వస్తున్నాడు. ఎండ ఎక్కితే మళ్లీ కూలీలు దొరకరని తెల్లవారుజామునే బయల్దేరాడట. నా కోపం తప్పు అనను. కానీ వాడి ముఖం చూశాక ఇంకో మాట అనలేకపోయాను.

లారీ ఆయన ఏమీ అనకుండా లేచి తన బండి దగ్గరకు వెళ్లారు. ఎర్ర రేడియం టేపు చుట్ట తెచ్చారు. మామ్మ దగ్గర ఖాళీ బిస్కెట్ల అట్టపెట్టె అడిగి, చింపి, చాప చేసి, దాని మీద అడ్డంగా మూడు బద్దలు అంటించారు. ప్లాస్టిక్ సంచి తొడిగారు, మంచుకు అట్ట నానకుండా. మా తమ్ముడు ట్రక్కు ఎక్కి, దాన్ని గడ్డి వెనక మోకుకు తాడుతో కట్టాడు. తర్వాత నా కారు హెడ్‌లైట్లు వేయమన్నారు. డిమ్‌లో వేశాను. ఆ మంచులో గడ్డి కనబడలేదు, ట్రక్కు కనబడలేదు. మూడు ఎర్రగీతలు మాత్రం నిప్పులా వెలిగాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. కుర్రాడు దిగి వెనక్కొచ్చి దాన్ని చాలాసేపు చూశాడు. "ఇదెంతవుద్ది?" అని అడిగాడు. "సామాన్ల కొట్లో దొరుకుద్ది, టీ ఖర్చు అంత" అన్నారాయన.

ఏడున్నరకు పొయ్యి పొగ పైకి లేవడం మొదలైంది, తర్వాత అవతలి రోడ్డు మీద లారీల రంగులు తెలిశాయి. "ఇప్పుడెల్లండి. నలభైలో ఎల్లండి. ఏటి మీద ఇంకా ఉంటాది" అన్నారు. ఉంది. వంశధార వంతెన మీద నీళ్లలోంచి పొగలు లేస్తున్నాయి, ఇసుక తిన్నెలు సగం మాత్రమే కనబడ్డాయి. మడపాం దాటాక ఎండ. నరసన్నపేటలో ఇడ్లీ తిన్నాం, అమ్మ అక్కడ మళ్లీ ఏసీ సంగతి ఎత్తింది.

తేలినీలాపురం తొమ్మిదిన్నరకు చేరాం. పక్షులు చాలా ఉన్నాయి. ఊరివాళ్లు వాటిని సైబీరియా పక్షులంటారు, ఇంటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. పెలికాన్ పిల్ల తల్లి నోటి సంచిలోకి తల దూర్చి తింటుంటే మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. అది నాకు చాలు. నౌపడ ఉప్పు మడులు కూడా చూడాలనుకున్నాం గానీ, చీకటి పడకముందు ఇల్లు చేరాలని మానేశాం. తమ్ముడే మానేద్దామన్నాడు.

తిరుగు దారిలో మామ్మ కొట్టు అవతలి పక్క పడింది, ఆగడం కుదరలేదు. నరసన్నపేటలోనే ఎర్ర రేడియం టేపు ఐదు మీటర్లు కొన్నాను. మర్నాడు తెల్లవారుజామున మా వీధిలో పాలు పోసే ఆయన వస్తే సైకిలు ఆపమన్నాను. వెనక మడ్‌గార్డుకు ఒక ముక్క, రెండు పాల క్యాన్లకు చెరో ముక్క, పెడళ్లకు సన్నటి బద్దలు అంటించాను. "ఎందుకమ్మా ఇదంతా?" అని అడిగారు. పెడల్ తిరుగుతుంటే మెరుపు పైకీ కిందకీ కదులుతుంది, దూరం నుంచే సైకిలని తెలుస్తుందని చెప్పాను. ఆయన తమ్ముడు కూడా కొత్తవలస వైపు పాలే వేస్తాడట. వాడికీ ఒక మూర ఇవ్వమని అడిగారు. మిగిలిన చుట్టంతా ఇచ్చేశాను.