మా రౌటర్ పక్కన పెట్టిన పై-హోల్: నాలుగు నెలల లెక్క

మే చివర్లో ఒక సాయంత్రం నాన్న ఫోన్లో వార్తలు చదువుతూ ఆగిపోయి, "ఏరా, మనింట్లో మోకాళ్ళ ఆపరేషన్ ఎవరికి? రెండు రోజులుగా ఇవే వస్తున్నాయి" అన్నారు. టీవీలో పాటలు పెడితే అక్కడా అదే ప్రకటన. వంటింట్లో ఉన్న అమ్మ ఏమీ మాట్లాడలేదు. రాత్రి నాన్న పడుకున్నాక నా దగ్గరికొచ్చి చెప్పింది. మేడ మెట్లు ఎక్కలేకపోతోందట. ఆపరేషన్‌కి ఎంతవుతుందో తన ఫోన్లో వెతికిందట. "నేనే చెబుదామనుకున్నాన్రా. మీ అక్క వచ్చి వెళ్ళాక చెబుదామని ఆగాను" అంది.

నాకు చాలా బాధేసింది. తన ఒంటి నొప్పి సంగతి ఎప్పుడు, ఎవరికి చెప్పాలో అమ్మ నిర్ణయించుకోవాలి. ఆ అవకాశం ఆవిడకి లేకుండా పోయింది.

"మన మాటలు ఫోన్ వింటోందా?" అని అడిగింది అమ్మ. వినాల్సిన పని కూడా లేదు. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌కీ ఒక ప్రకటనల ఐడీ ఉంటుంది. మనం ఒక యాప్ గానీ పేజీ గానీ తెరవగానే ఆ ఐడీ (బ్రౌజర్‌లో అయితే కుకీ అనే గుర్తు), మన ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్ నంబరు), సుమారుగా మనం ఉన్న ఊరు, ఆ యాప్ పేరు లేదా పేజీ చిరునామా అన్నీ కలిపి ఒక వేలంపాటకి వెళ్తాయి. దాదాపు 100 మిల్లీసెకన్లలో, అంటే రెప్పపాటు కన్నా ముందే, ఎవరి ప్రకటన చూపించాలో తేలిపోతుంది. పాట పాడి ఓడిపోయినవాళ్ళకి కూడా ఆ వివరాలు చేరతాయి. మా ఇంట్లో మూడు ఫోన్లు, ఒక టీవీ, నా ల్యాప్‌టాప్ ఒకే ఫైబర్ కనెక్షన్ మీద నడుస్తాయి. అంటే బయటివాళ్ళకి మేమంతా ఒకే ఇల్లు. ఒకరు వెతికింది ఇంకొకరి తెర మీదికి రావడానికి ఈ ఒక్క బంధుత్వం చాలు.

అందరి ఫోన్లలో సెట్టింగులు మార్చుకుంటూ కూర్చుంటే తెమలదు. ఇంటి మొత్తానికి ఒకేచోట కాపలా పెట్టాలనుకుని పై-హోల్ మొదలుపెట్టాను. ప్రకటనల సర్వర్లని, మనల్ని గమనించే సర్వర్లని (ట్రాకర్లని) అడ్డుకునే సాఫ్ట్‌వేర్ అది.

జూన్ 15, ఆదివారం

ఏ యాప్ అయినా, ఏ సైట్ అయినా ముందు డీఎన్ఎస్‌ని (పేర్లకి అంకెల చిరునామాలు చెప్పే సర్వర్‌ని) అడగాలి: ఈ పేరు గల సర్వర్ చిరునామా ఏమిటి అని. పై-హోల్ ఆ ప్రశ్నల్ని మన ఇంట్లోనే అందుకుంటుంది. అడిగిన పేరు ట్రాకర్ల జాబితాలో ఉంటే 0.0.0.0 అని జవాబిస్తుంది. అంటే అలాంటి ఇల్లే లేదని చెప్పి గుమ్మంలోంచే పంపేయడం. మిగతా ప్రశ్నల్ని బయటి డీఎన్ఎస్‌కి పంపుతుంది. బయటిదానికి నేను క్వాడ్9 అనే డీఎన్ఎస్ సేవ ఎంచుకున్నాను, దాని చిరునామా 9.9.9.9.

పాత ప్రాజెక్టు కోసం కొన్న రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ అటక మీద ఉంది. ఇకమీద దాన్ని 'పై' అంటాను. 32 జీబీ ఎస్‌డీ కార్డు కొత్తది కొన్నాను. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ చాలు. కార్డు మీదికి ఓఎస్ ఎక్కించే ఇమేజర్‌లోనే యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే దారి) ముందుగా పెట్టేస్తే మానిటర్, కీబోర్డ్ అక్కర్లేదు. వైఫై కాకుండా లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపాను. ఇంటి డీఎన్ఎస్ వైఫై మీద ఆధారపడకూడదు.

మొదటి గంట చార్జర్ దగ్గర పోయింది. పాత మొబైల్ చార్జర్ పెడితే పై మాటిమాటికీ రీస్టార్ట్ అయింది. దీనికి 5 వోల్టులు, 2.5 ఆంపియర్లు నికరంగా ఇచ్చే అడాప్టర్ కావాలి. అది మార్చాక మళ్ళీ ఆ గొడవ రాలేదు.

పై-హోల్‌కి 192.168.1.2 అనే అడ్రస్ స్థిరంగా ఇచ్చాను. కనెక్షన్‌తో పాటు వచ్చిన రౌటర్‌లో ఇంటి పరికరాలకి ఇచ్చే డీఎన్ఎస్ మార్చే వీలు లేదు. అందుకని రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఇంటి పరికరాలకి అడ్రస్‌లు, డీఎన్ఎస్ పంచే పని) ఆపేసి, పై-హోల్‌లో ఉన్న డీహెచ్‌సీపీని నడిపించాను. పరికరాల అడ్రస్‌ల చివర 20 నుంచి 200 వరకు నంబర్లు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మీ రౌటర్‌లో డీఎన్ఎస్ మార్చే వీలుంటే, రెండో గడిలో 'ఎందుకైనా మంచిది' అని గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 రాయకండి. మొదటిది పోతేనే రెండోదాన్ని అడుగుతాయని అనుకుంటాం. కానీ పరికరాలు తమకి తోచినప్పుడల్లా రెండోదాన్ని కూడా అడుగుతాయి. తలుపుకి తాళం వేసి కిటికీ తీసి ఉంచినట్టే.

జూన్ 22, ఆదివారం

వారం అయింది. మొదటి రోజు 26 వేల ప్రశ్నల్లో 29 శాతం ఆగిపోయాయి. ఆపాల్సిన పేర్లు ఉండే జాబితాల్లో, పై-హోల్‌తో పాటు వచ్చే స్టీవెన్ బ్లాక్ జాబితాకి తోడుగా హాగెజీ జాబితాల్లో 'ప్రో' స్థాయి పెట్టాను. అందులో ఇంకా పెద్దవి ఉన్నాయి గానీ, పెద్దవాళ్ళున్న ఇంట్లో రోజుకో సైట్ తెరుచుకోకపోతే విసుక్కుని అసలుకే తీసేయమంటారు. మధ్యస్థంగా మొదలుపెట్టడం మంచిది.

లాగ్ (ఏ పరికరం ఎప్పుడు ఏ పేరు అడిగిందో రాసుకునే చిట్టా) చూస్తుంటే నిద్ర పట్టలేదు. అమ్మ రోజూ తిథి చూసుకునే పంచాంగం యాప్ తెరిచిన నిమిషంలో పదకొండు వేర్వేరు సర్వర్లని, అంటే ప్రకటనలవీ మన వాడకాన్ని కొలిచేవీ, అడిగింది. తిథి, నక్షత్రం చెప్పడానికి వాటిలో ఒక్కటీ అవసరం లేదు. అన్నీ ఆగిపోయినా యాప్ మామూలుగానే పనిచేస్తోంది. రాత్రి రెండు గంటలకి, రిమోట్‌తో ఆఫ్ చేసి ఉన్న టీవీ కూడా పావుగంటకోసారి ఎవరినో పలకరిస్తోంది.

జూలై 6, ఆదివారం

ఆగుతున్న శాతం ఉన్నట్టుండి 12కి పడిపోయింది. నాన్న ఫోన్లో ప్రకటనలు మళ్ళీ వచ్చేశాయి. రెండు సాయంత్రాలు వెతికితే గానీ కారణం దొరకలేదు: ఐపీవీ6.

ఐపీవీ4 పాత తరహా ఐపీ అడ్రస్‌లు, ఐపీవీ6 కొత్త తరహావి. మన దగ్గర చాలా కనెక్షన్లలో ఇప్పుడు ఐపీవీ4తో పాటు ఐపీవీ6 కూడా వస్తుంది. నేను రౌటర్‌లో ఆపింది ఐపీవీ4 డీహెచ్‌సీపీని మాత్రమే. ఐపీవీ6 వైపు రౌటర్ తనంతట తానే 'నేనే డీఎన్ఎస్‌ని' అని ఫోన్లకి చెబుతోంది. మొదటి వారం సరిగ్గా నడవడానికి కారణం, అప్పటికి ఐపీవీ6 మా లైనులో లేకపోవడం. జూన్ చివర్లో కనెక్షన్‌వాళ్ళు రౌటర్‌ని దూరం నుంచే అప్‌డేట్ చేసినప్పుడు అది మొదలైంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఐపీవీ4లో చాలాసార్లు ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్ళు పంచుకుంటాయి. ఐపీవీ6లో అయితే ప్రతి ఇంటికీ తనదైన ప్రిఫిక్స్ (అడ్రస్ మొదటి భాగం) ఉంటుంది. ఇంటిని గుర్తుపట్టడం ఇంకా తేలిక.

రౌటర్‌లో లాన్ (ఇంటి పరికరాల) వైపు ఐపీవీ6 ఆపే గడి దొరికింది, ఆపేశాను. మీ రౌటర్‌లో అలాంటిది లేకపోతే సొంత రౌటర్ ఒకటి మధ్యలో పెట్టుకోవడమే మేలు. పై-హోల్ పెట్టినవాళ్ళు ముందుగా చూడాల్సింది ఇదే. ఫోన్లో వైఫై వివరాలు తెరిస్తే డీఎన్ఎస్ దగ్గర పై-హోల్ అడ్రస్ ఒక్కటే కనబడాలి. కోలన్లతో పొడుగ్గా ఇంకో అడ్రస్ ఉందంటే అటునుంచి పోతున్నట్టే.

జూలై 27, ఆదివారం

శుక్రవారం గాలివానకి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మూడోసారి పై లేవలేదు. ఎస్‌డీ కార్డు పాడైంది. డీహెచ్‌సీపీ కూడా దాని చేతిలోనే పెట్టాను కాబట్టి ఇంట్లో నెట్ మొత్తం పోయింది. అదే టైముకి డల్లాస్ నుంచి అక్క వీడియో కాల్ చేసే వేళ. మనవరాలి కోసం నాన్న ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. నేనేమో చెమటలు కక్కుతూ రౌటర్ డీహెచ్‌సీపీ మళ్ళీ ఆన్ చేయడానికి పాస్‌వర్డ్ వెతుకుతున్నాను. ఆ అరగంట పడ్డ టెన్షన్ మర్చిపోలేను.

తర్వాత చేసినవి: రౌటర్‌కి మార్కెట్లో దొరికే 12 వోల్టుల మినీ యూపీఎస్ కొన్నాను. 5 వోల్టుల పోర్టు కూడా ఉన్నది చూసి తీసుకున్నాను, పై కూడా దాని మీదే నడుస్తుంది. పై-హోల్ తన డేటాబేస్‌ని నిమిషానికోసారి కార్డు మీద రాస్తుంది, దాన్ని 15 నిమిషాలకి మార్చాను. టెలిపోర్టర్ అనే మెనూలో సెట్టింగులన్నీ ఒక ఫైలుగా దించుకోవచ్చు. దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. రౌటర్ పాస్‌వర్డ్, డీహెచ్‌సీపీ తిరిగి ఆన్ చేసే పద్ధతి ఒక కాగితం మీద తెలుగులో రాసి రౌటర్ వెనక అంటించాను. నేను ఊళ్ళో లేకపోయినా నాన్న చేసుకోగలగాలి.

ఆగస్టు 10, ఆదివారం

ఈసారి సాంకేతికం కన్నా ముఖ్యమైన విషయం.

అమ్మ ఎక్స్‌రే రిపోర్టు లింకు ఎస్ఎంఎస్‌లో వచ్చింది, తెరుచుకోలేదు. లాగ్ చూస్తే, ఆ లింకు నేరుగా రిపోర్టుకి వెళ్ళకుండా ఎవరు నొక్కారో లెక్కపెట్టే ఒక మార్కెటింగ్ డొమైన్ మీదుగా పోతోంది. ఒక మనిషి ఎముకల ఫోటోకి మధ్యలో మార్కెటింగ్‌వాళ్ళు ఎందుకు? అప్పటికి పై-హోల్‌ని ఐదు నిమిషాలు ఆపి రిపోర్టు దించుకున్నాం. ఆ డొమైన్‌ని శాశ్వతంగా అనుమతించలేదు.

నేను లాగ్ చూపిస్తూ ఇదంతా వివరిస్తుంటే అమ్మ స్క్రీన్ వైపు చూసి, "అయితే నేను ఏ టైముకి ఏం చూశానో నీకిక్కడ కనబడుతుందా?" అంది.

కనబడుతుంది. పేజీ లోపలిది కాదు గానీ, ఏ సైటుకి ఏ నిమిషంలో వెళ్ళిందీ, ఏ ఫోన్ నుంచి వెళ్ళిందీ అంతా వరసగా ఉంటుంది. రెండు నెలలుగా అమ్మ, నాన్న వెళ్ళిన ప్రతి చోటూ నా ముందు ఉంది. బయటివాళ్ళు చూడకూడదని పెట్టిన పెట్టెతో నేనే వాళ్ళని చూస్తున్నాను. ఈ మాట నాకు ముందే తట్టాల్సింది.

పై-హోల్‌లో గోప్యతకి నాలుగు స్థాయిలున్నాయి. సున్నాలో అన్నీ కనబడతాయి. ఒకటిలో డొమైన్ పేర్లు దాగుతాయి. రెండులో ఏ పరికరం అడిగిందో కూడా దాగుతుంది. మూడులో మొత్తం అంకెలు తప్ప ఏమీ మిగలవు. నేను ఆ రోజే రెండు పెట్టాను. పాత చరిత్ర అంతా తుడిచేశాను. నిల్వ ఉంచే రోజుల్ని ఏడుకి తగ్గించాను. ఏదైనా సైట్ తెరుచుకోకపోతే అమ్మానాన్నలకి చెప్పి, వాళ్ళు సరే అన్నాక పది నిమిషాలు సున్నాకి దించుతాను. పని కాగానే మళ్ళీ రెండు.

ఇంట్లో పై-హోల్ పెట్టేవాళ్ళని నేను గట్టిగా అడిగేది ఇదొక్కటే. అలవాటయ్యేదాకా ఓ వారం లాగ్ చూడండి, అది కూడా అందరికీ చెప్పి. తర్వాత కళ్ళు మూసుకోండి. పెళ్ళాం, పిల్లలు, అత్తమామలు ఉన్న ఇంట్లో ఒకరి చేతిలో అందరి లాగ్ ఉండటం మంచిది కాదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

టీవీ పని. స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ (ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్) అని ఒకటుంటుంది. తెర మీద ఏం ఆడుతోందో నమూనాలు తీసి, పోల్చి, కంపెనీకి చెబుతుంది. అమెరికాలో విజియో కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి అనుమతి లేకుండా ఇలా సేకరించిందన్న కేసులో 2017లో 22 లక్షల డాలర్లు కట్టింది. సెట్టింగుల్లో దీని పేరు బ్రాండుని బట్టి మారుతుంది: శాంసంగ్‌లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్', ఎల్‌జీలో 'లైవ్ ప్లస్'. మా టీవీలోనూ ఆ గడి దొరికింది, ఆపేశాను. కొన్ని టీవీలు మనమిచ్చిన డీఎన్ఎస్‌ని పట్టించుకోకుండా తమలో రాసుకున్నదాన్నే అడుగుతాయి. అందుకని పై-హోల్ ఉంది కదా అని ఈ గడి వదిలేయకూడదు.

ఫోన్లు. సెట్టింగుల్లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ ప్రకటనల ఐడీని డిలీట్ చేయడం. ముగ్గురి ఫోన్లకీ కలిపి ఐదు నిమిషాలు పట్టింది. బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్ పెట్టి, ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ వేశాను. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా అది పనిచేస్తుంది. క్రోమ్‌లో పాత యూబ్లాక్ ఇప్పుడు నడవదు, 'యూబ్లాక్ ఆరిజిన్ లైట్' మాత్రమే. యూట్యూబ్ ప్రకటనల్ని పై-హోల్ ఆపలేదు, వీడియో వచ్చే డొమైన్ల నుంచే ప్రకటనా వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆ పని యూబ్లాక్ చేస్తుంది.

అమ్మ కాకినాడలో మామయ్య ఇంటికి వెళ్తే మన పై-హోల్ వెంట రాదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న 'ప్రైవేట్ డీఎన్ఎస్' గడిలో ప్రకటనల్ని ఆపే యాడ్‌గార్డ్ పబ్లిక్ డీఎన్ఎస్ పేరు రాశాను. ఎక్కడికెళ్ళినా ట్రాకర్లు చాలావరకు ఆగుతాయి. ఒక ఇబ్బంది ఉంది: అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఇంట్లో కూడా ఫోన్ పై-హోల్‌ని దాటేసి నేరుగా అక్కడికే వెళ్తుంది. అమ్మ ఫోన్‌కి అలాగే ఉంచేశాను. రోజూ ఆన్, ఆఫ్ చేసుకోమనడం కన్నా అది నయం. నా ఫోన్‌ని మాత్రం టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ ద్వారా బయట నుంచి కూడా ఇంటి పై-హోల్‌కే కలిపాను.

అక్టోబర్ 5, ఆదివారం

ఆగుతున్నవి ఇప్పుడు రోజుకి 18 శాతం దగ్గర నిలిచాయి. జూన్ కన్నా తగ్గింది, ఎందుకంటే పది యాప్‌లు తీసేశాం, అడిగేవాళ్ళే తగ్గారు. పంచాంగం కూడా ఇప్పుడు గోడ మీద కాగితం క్యాలెండరే. నాన్న ఫోన్లో ప్రకటనలు పూర్తిగా పోలేదు గానీ, ఇంట్లో ఎవరి సంగతో చెప్పేవి రావడం లేదు.

అమ్మ ఆపరేషన్ సంక్రాంతి తర్వాత. నాన్నకి తనే చెప్పుకుంది, అక్కకి కూడా.

డల్లాస్‌లో అక్క తన ఇంట్లోనూ పెట్టుకుంటానంది. తనకి రాసి పంపాల్సినవి: ఐపీవీ6 సంగతి ముందు, తర్వాత గోప్యత స్థాయి, ఆ తర్వాతే జాబితాలు. ఇక్కడ మిగిలిన పని రెండో పై. ఒకటి పోయినా రెండోది నిలబడాలి. ఆర్డర్ చేసిన పై జీరో 2 డబ్ల్యూ ఈ వారంలో వస్తుంది. దానికి లాన్ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ నుంచి లాన్‌కి మార్చే అడాప్టర్ కూడా చెప్పాను. దానికోసం 192.168.1.3 అడ్రస్ ఖాళీగా ఉంచాను.