పర్లాకిమిడిలో పర్యావరణ ర్యాలీ తీయాలంటే

వాతావరణ మార్పుపై పోరాడే స్వీడన్ అమ్మాయి గ్రెటా థున్‌బెర్గ్ 2018 ఆగస్టు 20న స్వీడన్ పార్లమెంటు ముందు బోర్డు పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. మన ఊళ్లో అలా కూర్చుంటే బస్సు కోసమేమో అనుకుంటారు! కనీసం ఇరవై మంది ఉండాలి.

మాట ధ్రువపు ఎలుగుబంట్లతో మొదలుపెట్టకండి. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఒడిశాలోని మన గజపతి జిల్లాలోనే కొండచరియలు విరిగిపడ్డాయి. అది చెబితే చాలు, జనం ఆగి వింటారు.

ఫ్లెక్సీ వద్దు. అది ప్లాస్టిక్కే, ఎవరో ఒకరు ఎత్తిచూపుతారు. పాత పంచె మీద జానెడు అక్షరాలు, పైన ఒడియా, కింద తెలుగు. ఒడియా బాగా వచ్చినవాళ్లతో ముందే దిద్దించండి. తప్పు రాస్తే ఫొటోల్లో ఆ తప్పే మిగులుతుంది. గుడ్డకు అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టాలి. లేకపోతే గాలికి తెరచాపలా ఉబ్బి వెదురు కర్రలు విరుగుతాయి.

పోలీస్ స్టేషన్‌కిచ్చే అర్జీలో దారి, వేళ, ఎంతమంది, బాధ్యుల ఫోన్ నంబరు ఉండాలి. రెండో కాపీ మీద అర్జీ అందినట్టు ముద్ర వేయించుకోవడం చాలామంది మరచిపోతారు.

అసలు పని ర్యాలీ తర్వాతే. సమాచార హక్కు దరఖాస్తుకు ఒడిశాలో ఫారం-ఎ, పది రూపాయల రుసుము. జవాబుకు గడువు 30 రోజులు. "చెట్లెందుకు కొట్టారు?" అనడిగితే దాటేస్తారు. "నరికివేతకిచ్చిన అనుమతి పత్రం నకలు ఇవ్వండి" అనడగండి.