మారిపోయిన డబ్బా

సోమవారం, రాత్రి పదిన్నర. ఒంగోలు.

కార్తీకమాసం రెండో సోమవారం. మూడు రోజులుగా ముసురు. నాలుగూ యాభైకి అలారం మోగేసరికి కరెంటు లేదు. మిక్సీతో పని లేకపోవడం నా అదృష్టం, పల్లీల పాలు నిన్న రాత్రే తీసి తోడు పెట్టేశాను. సెల్‌ఫోన్ లైటు వెలిగించి ఉప్పు డబ్బాకు ఆనించి వంట మొదలుపెట్టాను.

మా ఇంట్లో వంట నాది. గొప్పకు చెప్పడం లేదు. మూడేళ్ల క్రితం చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేస్తున్నానని చెప్పినప్పుడు మా ఆవిడ అరిచిందీ లేదు, అలిగిందీ లేదు. "సరే, మీ వంట మీరు చూసుకోండి, నాకు ఏడుంబావుకి బస్సు" అంది. చీమకుర్తి అవతల బడిలో టీచరు తను. ఒక్కడి కోసం పప్పు వండుకునేటప్పుడు ఇంకో రెండు గుప్పిళ్లు కందిపప్పు పోస్తే పోయేదేముందిలే అనుకున్నాను. నెల తిరక్కుండా ముగ్గురి వంటా నా నెత్తిన పడింది. ఆ రోజు ఆవిడ అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో ఇప్పుడు అర్థమవుతోంది.

పాలతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తినని నాలాంటి వాళ్లను వీగన్ అంటారు. ఆ మాటను 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన, ఆయనతో ఉన్న కొద్దిమందీ కలిసి పుట్టించారట. మా కలెక్టరేట్ సందులో ఆ మాట అంటే "వెజ్జేగా" అంటారు. పాలు కూడా తాగనండీ అంటే "మరేం తింటావయ్యా?" అంటారు. నిజం చెప్పాలంటే వాళ్లు తినేదే తింటాను. ఇవాళ చేసింది దోసకాయ పప్పు, చిక్కుడుకాయ కూరలో నువ్వుల పొడి, ఉసిరికాయ పచ్చడి. కార్తీకం కాబట్టి ఉల్లిపాయా వెల్లుల్లీ లేవు, తాలింపులో ఇంగువ కాస్త ఎక్కువ పడింది. వీటిలో నా కోసం మార్చింది ఏమిటంటే, పప్పు మీద నెయ్యి బదులు పచ్చి నువ్వుల నూనె ఒక చెంచా. అంతే. దీనికి "పాపం" అని జాలిపడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

కష్టమల్లా చివరి ముద్ద దగ్గరే. చేపల పులుసు మానడానికి నాకు వారం పట్టింది. పెరుగన్నానికి ఏడాది పట్టింది. పప్పూ కూరా ఎంత తిన్నా, చివర్లో చల్లగా నాలుగు ముద్దలు పడకపోతే విస్తరి ముందు నుంచి మధ్యలో లేచొచ్చినట్టు ఉండేది. కొబ్బరిపాలతో కలిపి చూశాను, అది పాయసానికి తప్పిపుట్టినట్టుంది. సోయా పాల పెరుగు వాసన నాకు పడలేదు. చివరికి పల్లీల పెరుగు దగ్గర ఆగాను.

కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, మూడు నాలుగు కప్పుల నీళ్లతో పల్చటి గుడ్డలో పిండాలి. ఆ పాలు కాచేటప్పుడు గరిటె ఆపితే అడుగంటుతాయి. గోరువెచ్చగా అయ్యాక మొదటిసారి తోడుకు పచ్చిమిరపకాయల తొడిమలు ఏడెనిమిది వేస్తాను. తొడిమకు అంటుకుని ఉండే సూక్ష్మజీవులే పాలను పులియబెడతాయి. మొదటి పెరుగు నీళ్లగా, చప్పగా ఉంటుంది. దాంట్లోంచి ఒక చెంచా తీసి మళ్లీ తోడు పెడితే రెండోది గట్టిగా కూర్చుంటుంది. ఎండాకాలం ఆరు గంటల్లో అయిపోయే పని ఈ ముసుర్లో పన్నెండు గంటలైనా తెమలదు. అందుకని గిన్నెను బియ్యం డబ్బాలో పాతిపెడతాను. పిప్పి పారేయను, దోశల పిండిలో కలుస్తుంది.

తమాషా ఏమిటంటే ఆవిడకీ అమ్మాయికీ మామూలు పాలు తోడు పెట్టేదీ నేనే. బియ్యం డబ్బాలో రెండు గిన్నెలూ పక్కపక్కనే నిద్రపోతాయి.

ఇవాళ్టి గొడవంతా అక్కడే మొదలైంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, కాలేజీకి కేరేజీ పట్టుకెళ్తుంది. నాకూ ఒక కేరేజీ. పెరుగన్నం పెట్టే చిన్న స్టీలు డబ్బాలు రెండూ ఒకే పెళ్లిలో ఇచ్చిన రిటర్న్ గిఫ్టులు, కవలల్లా ఉంటాయి. రెండింట్లోనూ ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు తాలింపు. ఆ చీకట్లో ఏది ఎవరి సంచిలో పెట్టానో నాకే తెలియదు. ఆవిడ ఉపవాసం కాబట్టి ఆవిడ కేరేజీ లేదు, ఉన్నట్టయితే ఇంకెన్ని మలుపులు తిరిగేదో. బి12 విటమిన్ మాత్ర వేసుకుని, తొమ్మిదికి షాపు తెరిచాను. ఆ మాత్ర మాత్రం మరచిపోను. మొదటి ఏడాది నిర్లక్ష్యం చేస్తే అరికాళ్లు తిమ్మిర్లెక్కాయి. రక్త పరీక్షలో బి12 అడుగంటిందని తేలింది. మొక్కల తిండిలో దాని మీద నమ్మకం పెట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. అనేసి, "అయినా పెరుగేం చేసిందండీ మిమ్మల్ని?" అని కూడా అడిగారు.

నాది జిరాక్స్, డీటీపీ షాపు. సోమవారమంటే కలెక్టరేట్‌లో గ్రీవెన్స్. జిల్లా నలుమూలల నుంచీ అర్జీలు పట్టుకుని వస్తారు. చేత్తో రాసిన కాగితాలు కొందరివి, ఏమీ రాయకుండా నోటితో చెప్పేవాళ్లు ఎక్కువ. "గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి దివ్య సముఖమునకు" అని నా వేళ్లు నిద్రలో కూడా కొడతాయి. పదింటికి కరెంటు వచ్చింది, జనం అప్పటికే మెట్ల మీద ఉన్నారు. టీ కుర్రాడు నన్ను అడగకుండానే పాలు లేని అల్లం టీ పెట్టి పోయాడు. పక్క షాపాయన "ఈ నెలంతా నేనూ నీ పార్టీయే" అంటూ వచ్చి బిస్కెట్లు అందించాడు. కార్తీకం కదా, నీచు ముట్టడు. నేను ప్యాకెట్ వెనక్కి తిప్పి చూశాను, పాల పదార్థాలు. శాకాహారమని వేసే ఆకుపచ్చ చుక్క ఉంటే చాలనుకుంటారు కానీ పాలున్నా ఆ చుక్కే వేస్తారు. వీగన్ సరుకుకు వేరే ఆకుపచ్చ గుర్తు ఒకటి 2022లో తెచ్చారు గానీ మా వీధి కిరాణా కొట్టు దాకా అది ఇంకా నడిచి రాలేదు.

మధ్యలో ఒక డిగ్రీ కుర్రాడు పెన్‌డ్రైవ్ తెచ్చాడు, ఒంగోలు గిత్తల మీద ప్రాజెక్టు. అక్షరదోషాలు దిద్దుతూ చదివాను. 19వ శతాబ్దంలో మన పశువుల్ని ఓడల్లో బ్రెజిల్ పట్టుకెళ్లారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ ఆ జాతికి నెలోర్ అని పేరు స్థిరపడింది. ఇప్పుడు ఆ దేశపు మాంసం పశువుల్లో పెద్ద వాటా ఆ జాతిదే. ఇక్కడ బండలాగుడు పందేల్లో మెడలో దండలు వేయించుకునే గిత్తకు అక్కడ కోట్లలో చుట్టాలున్నారు, ఏ చుట్టానికీ దండ లేదు. కుర్రాడు దీన్ని "గర్వకారణం" అనే శీర్షిక కింద రాశాడు. శీర్షిక మార్చడం నా పని కాదు కదా, ప్రింటు తీసిచ్చాను.

రెండు దాటాక గానీ తిండికి తీరిక దొరకలేదు. పప్పన్నం అయింది. పెరుగు డబ్బా మూత తియ్యగానే తెలిసిపోయింది. పల్లీల పెరుగుకు దానిదైన పచ్చి వాసన ఒకటి ఉంటుంది. ఇది అది కాదు, గేదె పెరుగు. నాది కాలేజీలో ఉంది. అమ్మాయికి ఫోన్ చేద్దామంటే కాలేజీలో ఫోన్లు ఉండవు. కాసేపు మూత పట్టుకుని అలాగే కూర్చున్నాను. చెప్పొద్దూ, ఆ తెల్లటి గడ్డ పెరుగు చూస్తే నోట్లో నీళ్లూరాయి. మూడేళ్లైనా ఊరతాయి.

షాపు అరుగు మీద ముసలి దంపతులు కూర్చుని ఉన్నారు. పొదిలి అవతల నుంచి వచ్చారు, పొలం గట్టు గొడవ. పొద్దున వాళ్ల అర్జీ టైపు చేసింది నేనే. అది ఇచ్చేసి వచ్చి, వాన తగ్గితే బస్టాండుకు పోదామని ఆగారు. పెద్దాయన మూట విప్పుతున్నాడు, జొన్నరొట్టెలు, చెనక్కాయ పచ్చడి. డబ్బా పట్టుకెళ్లి "పెరుగన్నం ఉందమ్మా, తింటారా, లేక సోమవారమా?" అన్నాను.

"మాకు సోమారమేంది నాయనా, పొద్దున మూడింటికి లేచినాం" అని అందుకుంది ఆమె. ఊరికే తీసుకోవడం ఇష్టం లేక ఒక రొట్టె, దాని మీద పచ్చడి పెట్టి నా చేతిలో ఉంచింది. ఎండుమిరప, చింతపండు, వేయించిన పల్లీలు, రోటి పచ్చడి. మిక్సీలో అది రాదు. ఎన్ని స్పెషల్ వంటలు నేర్చుకున్నా ఇంత రుచి నా చేతికి రాలేదు, ఒప్పుకుంటున్నాను.

ఆమె పెరుగన్నం రెండు ముద్దలు తిని "మీకు గేదుందా?" అంది. ప్యాకెట్ పాలేనమ్మా అన్నాను. "మాకు రెండుండేవి. ఏం లాభం, రెండు పూటలా పాలన్నీ కేంద్రానికే. పిల్లోళ్లకు పచ్చిపులుసే పోసినా" అంది, మామూలుగా, పెద్దాయన వైపు గిన్నె జరుపుతూ.

కనిగిరి దగ్గర మా అమ్మమ్మ ఇంట్లోనూ అంతే. పాడి ఉన్న ఇల్లని పేరు, మాకు దక్కేది పల్చటి మజ్జిగ, అదీ చుట్టాలు రాని రోజున. కొర్రన్నం, అలసందల పులుసు, ఊరగాయ. నేను ఇప్పుడు పూనుకుని చేసేది అమ్మమ్మ పేరు పెట్టకుండా వారానికి ఐదు రోజులు చేసేది. ఒక ఏడు ఈనిన నెలకే దూడ చచ్చిపోయింది. గేదె చేపడం మానేసింది. తాతయ్య దూడ తోలులో ఎండుగడ్డి కుక్కించి కుట్టించి, పాలు పితికే వేళకు దాని ముందు నిలబెట్టేవాడు. గేదె దాన్ని నాకుతూ చేపేది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. దాన్ని ఎత్తుకొచ్చి పెట్టే పని నాదే, తేలిగ్గా ఉండేది.

అందుకే మానేశావా అంటే అవునని చెప్పలేను. అది చూసిన తర్వాత ముప్పై ఏళ్లకు పైగా గడ్డ పెరుగు శుభ్రంగా తిన్నాను. నలభై దాటాక ఒక రాత్రి పెరుగు తోడు పెడుతుంటే ఎందుకో ఆ గడ్డిదూడ బరువు చేతికి తగిలింది. ఈ సంగతి ఆవిడకి ఒక్కసారి చెప్పాను. మిగతావాళ్లు అడిగితే "పడట్లేదండీ, గ్యాస్" అంటాను. అబద్ధమే. కానీ పెళ్లి భోజనాల్లో, నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడ్డ మేనత్తకు గడ్డిదూడ కథ ఎలా చెప్తాను? గ్యాస్ అంటే వెంటనే జాలిపడి, వాము నీళ్లు తాగమని చెప్పి ముందుకు వెళ్లిపోతారు.

సాయంత్రం షాపు మూసేసరికి ఏడు. అమ్మాయి గుమ్మంలోనే పట్టుకుంది. "నాన్నా, నీ పెరుగు నాకెందుకు పెట్టావు?" మొదటి ముద్దకే కనిపెట్టిందట. దాని నాలుక వాళ్లమ్మ నాలుక, మోసం చెయ్యలేం. "పారేశావా?" అంటే, పక్క బెంచీ అమ్మాయి మొత్తం లాగించేసిందట. ఆ పిల్లకి పాలు పడవు, పెరుగు తింటే కడుపునొప్పి, పెరుగన్నం తిని ఏళ్లయిందట. ఆవకాయ నంజుకుని తిని, "కొంచెం పులుపు తక్కువైంది అంకుల్‌కి చెప్పు" అందట. మూడేళ్లలో నా పెరుగుకు వచ్చిన మొదటి రివ్యూ. ముసురు కదా, పులవలేదు, తప్పు నాది కాదు అని దానికి వివరించబోతే మా అమ్మాయి అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడ దీపాలు పెట్టి నక్షత్రం కోసం మేడ మీద నిలబడింది. ఈ మబ్బులో నక్షత్రం ఎక్కడ? పావుగంట చూసి, "ఉంటుందిలెండి, మనకు కనపడకపోతే మాత్రం" అని దిగొచ్చి విస్తరేసుకుంది. పొద్దుటి పప్పు వేడి చేసి, పెసరట్లు రెండు వేసిచ్చాను. నెయ్యి తనే వేసుకుంది, చివర్లో పెరుగూ తనే. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఎవరి పెరుగు వాళ్లం తిన్నాం. తింటూ "నాకు చిక్కుడుకాయ కూరలో నువ్వులు ఎక్కువైనట్టనిపించాయి" అంది. ఉపవాసం ఉన్న మనిషి, మాట పట్టించుకోకూడదు.

ఇప్పుడే గిన్నెలు కడిగి, పాలు తోడు పెట్టి, పల్లీలు నానబోశాను. రోజూ కంటే ఒక గుప్పెడు ఎక్కువే పోశాను. నా చిన్న డబ్బాకు రబ్బరుబ్యాండు వేసి పెట్టాను. అమ్మాయి వచ్చి అది చూసి, "ఆ పిల్లకి ఇవ్వాలంటే ఇంకో డబ్బా కావాలి, ఆ పెళ్లి వాళ్లు రెండే ఇచ్చారు" అని వెళ్లి పడుకుంది.